మీ ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు: సీసా మీది అంకె చూశాకే చుక్క వేయండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చంటిపిల్లలకు వేసే చుక్కల మందుల గురించే. గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం, జయపురం, ఇక్కడ మా రాయగడ, ఏ వైపు నుంచి వచ్చినా అదే టెన్షన్. ఐరన్ వేయాలా, విటమిన్ డి చుక్కలు వేయాలా, వేస్తే ఎంత, ఎప్పటిదాకా? నా క్లినిక్‌కి వచ్చే తల్లులూ ఇవే అడుగుతున్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకి ఏడో నెల నడుస్తోంది. పుట్టినప్పుడు 2.9 కిలోలు ఉన్నాడు. ఆరు నెలలు నిండగానే ఆశా దీదీ ఐరన్ సిరప్ ఇచ్చింది. దానితో ఇచ్చిన కాగితం ఒడియాలో ఉంది. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. రెండు మూడుసార్లు వేశాక దొడ్డికి నల్లగా వెళ్ళాడు. మా అత్తగారు "పేగులు కాలిపోతున్నాయి, ఆపేయ్" అన్నారు. ఆపేశాను. నా పాలు బాగా తాగుతాడు, చోడి (రాగి) జావ కూడా పెడుతున్నాను. చోళ్ళలో ఐరన్ ఉంటుంది కదా, అది చాలదా? (గుణుపూర్)

జవాబు: ముందు మీ అత్తగారి భయం తీర్చేద్దాం అమ్మా. సిరప్‌లో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. పట్టని ఇనుము బయటికి వచ్చేటప్పుడు దొడ్డి నల్లగానో ముదురు ఆకుపచ్చగానో మారుతుంది. పేగులకు ఏమీ కాదు. బాబు హుషారుగా ఉండి, పాలు తాగుతూ, కడుపు మెత్తగా ఉంటే ఆ నలుపును పట్టించుకోనక్కర్లేదు. అదే తారులా జిగటగా కంపు కొడుతూ వెళ్ళినా, రక్తపు చారలు కనిపించినా, బిడ్డ పాలిపోయి వడలిపోయినా ఆ రోజే చూపించాలి.

మీ చేతిలో ఉన్నది ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన ‘అనీమియా ముక్త్ భారత్’ (రక్తహీనత లేని భారతం) కార్యక్రమం కింద ఇచ్చే సీసా. 50 మిల్లీలీటర్లు ఉంటుంది. అందులో ప్రతి 1 మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఐదేళ్ళు వచ్చేదాకా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మిల్లీలీటరు. అంతే. సీసాతో పాటు 1 మిల్లీలీటరు కొలిచే సాధనం వస్తుంది, దానితోనే వేయండి. ఇంట్లో టీస్పూను నిండా పోస్తే 5 మిల్లీలీటర్లు, అంటే 100 మిల్లీగ్రాముల ఇనుము ఒకేసారి లోపలికి పోతుంది. వారంలో రెండు రోజులు ఖాయం చేసుకోండి, మంగళవారం, శుక్రవారం అనుకోండి. క్యాలెండర్ మీద టిక్కు పెడితే మీరు వేశారో అత్తగారు వేశారో అన్న అనుమానం ఉండదు. ఒక రోజు మర్చిపోతే తర్వాతి రోజు రెండింతలు వేయకండి. ఆ లెక్కన ఒక సీసా దాదాపు ఆరు నెలలు వస్తుంది. మీ సీసా రెండు నెలలకే అయిపోతే కొలత ఎక్కువ పడుతోందని అర్థం. ఏడాది దాటినా సగం మిగిలితే మధ్యలో చాలాసార్లు తప్పిపోయిందని అర్థం.

ఆరు నెలలకే ఎందుకు మొదలుపెడతారో చెబితే మీ అత్తగారికి కూడా నమ్మకం కుదురుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తన ఒంట్లో కిలోకి దాదాపు 75 మిల్లీగ్రాముల ఇనుము దాచుకుని వస్తాడు. తల్లి కడుపులో చివరి మూడు నెలల్లో చేరే ఆస్తి అది. పుట్టాక ఆ నిల్వనే వాడుకుంటూ పెరుగుతాడు. తల్లిపాలలో ఇనుము లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఉన్నది బాగా పడుతుంది, నిజమే, కానీ ఆరు నెలలు దాటేసరికి బిడ్డ బరువు రెండింతలై, నిల్వ అడుగంటుతుంది. ఆ సమయానికి బయటి నుంచి ఇనుము అందకపోతే రక్తం తగ్గడం ఒక్కటే సమస్య కాదు. ఇనుము మెదడు ఎదుగుదలకూ కావాలి, ఆ ఎదుగుదల వేగంగా సాగేది ఈ రెండేళ్ళలోనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇది పేదిళ్ళకే పరిమితం కాదు. బొద్దుగా, ముద్దుగా ఉన్న పిల్లల్లోనూ రోజూ చూస్తున్నాను.

ఇక చోళ్ళు. మన వైపు చోడి జావ మంచి తిండి, మానొద్దు. కానీ చోళ్ళ గొప్పతనం ముఖ్యంగా కాల్షియం. ఇనుము కొంత ఉన్నా, గింజ పొట్టులో ఉండే పదార్థాలు దాన్ని పేగు పీల్చుకోనివ్వవు. చోళ్ళు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి పిండి పట్టిస్తే కొంత నయం. ఇంకో మాట, మీరు పెట్టే జావ ఎంత పల్చగా ఉందో ఒకసారి చూసుకోండి. చెంచా ఒంచితే నీళ్ళలా జారిపోయే జావతో కడుపు నిండుతుంది గానీ బలం రాదు. ఒంచినా చెంచాకు అంటుకుని ఉండేంత చిక్కగా కాయండి. మెత్తగా మెదిపిన పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, ఆ పులుపు ఇనుమును లోపలికి లాగుతుంది. మాంసం తినే ఇల్లయితే బాగా ఉడికించిన కోడి లివర్ చిటికెడు, ముల్లు తీసిన చేప, గుడ్డు ఇప్పటినుంచే పెట్టొచ్చు. పళ్ళు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. టీలో ముంచిన బిస్కెట్ మాత్రం వద్దు. మన ఇళ్ళలో తాతగారి గ్లాసులోంచి బిడ్డ నోటికి చేరేది అదే. టీ ఇనుమును పట్టనివ్వదు. ఏడాది లోపు ఆవుపాలు తాగించడం కూడా మంచిది కాదు. వాటిలో ఇనుము తక్కువ, కొందరు పిల్లల్లో పేగులోంచి కంటికి కనబడని రక్తం పోవడానికి కారణమవుతాయి.

సిరప్‌ను పాలలో కలపకుండా, తిండి తిన్న గంట తర్వాత, నాలుక మీద కాకుండా బుగ్గ లోపలి వైపు పోయండి. తర్వాత రెండు చెంచాల కాచి చల్లార్చిన నీళ్ళు పట్టి, పళ్ళు వచ్చి ఉంటే తడిగుడ్డతో తుడవండి. అప్పుడు పళ్ళ మీద మచ్చ పడదు. జ్వరం, విరేచనాలు, ఆయాసం ఉన్న రోజుల్లో ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టండి.

మీరు కూడా కాన్పయ్యాక 180 రోజులు రోజుకొక ఎర్ర ఐరన్ మాత్ర వేసుకోవాలి. అది మీ రక్తం కోసం. మీరు వేసుకున్నంత మాత్రాన పాలలో ఇనుము పెరగదు కాబట్టి, "నేను వేసుకుంటున్నాను కదా, బాబుకెందుకు" అనుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి కవల ఆడపిల్లలు. 34 వారాలకే పుట్టారు, ఒకరు 1.8 కిలోలు, ఒకరు 1.7. పెద్దాసుపత్రిలో ఉంచి పంపేటప్పుడు ఐరన్ చుక్కలు, విటమిన్ చుక్కలు రాసిచ్చారు. సీసాలు అయిపోయాయి, పిల్లలు బాగా పుంజుకున్నారు కదా అని మళ్ళీ కొనలేదు. ఇప్పుడు మూడు నెలలు. ఒకరు 4 కిలోలు, ఇంకొకరు 3.6. ఆరు నెలలకు ఎటూ ఆశా సిరప్ ఇస్తుందట. అప్పటిదాకా ఆగొచ్చా? (పర్లాకిమిడి నుంచి ఒక అమ్మమ్మ)

జవాబు: ఆగకూడదమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీదే. ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజే పిల్లల డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

కడుపులో చివరి మూడు నెలల్లో ఇనుము నిల్వ చేరుతుందని పైన రాశాను. మీ మనవరాళ్ళు ఆ కాలం పూర్తికాకుండానే పుట్టారు, పైగా ఉన్నదాన్ని ఇద్దరూ పంచుకున్నారు. ఇలాంటి పిల్లల నిల్వ రెండు మూడు నెలలకే అయిపోతుంది. వాళ్ళు పుంజుకున్నారని మీరు సంతోషిస్తున్నారు, నాకూ సంతోషమే. కానీ బరువు ఎంత త్వరగా పెరిగితే ఇనుము అంత త్వరగా ఖర్చవుతుంది. అందుకే నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టి తల్లిపాలు తాగే పిల్లలకు రెండు వారాల వయసు నుంచే ఐరన్ మొదలుపెడతారు. రోజుకు, కిలో బరువుకు 2 నుంచి 4 మిల్లీగ్రాములు. వీళ్ళది వారానికి రెండుసార్లు వేసే మందు కాదు, రోజూ వేయాలి.

దుకాణంలో తడబాటు వచ్చేది ఇక్కడే. కిలోకి 2 మిల్లీగ్రాముల లెక్కన 4 కిలోల పాపకు రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలి. ఒక కంపెనీ చుక్కల్లో 1 మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, అప్పుడు 0.8 మిల్లీలీటరు వేయాలి. మరో కంపెనీది 1 మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు, అప్పుడు 0.3 చాలు. పాత సీసా దొరకలేదని దుకాణదారు వేరేది ఇస్తే, పాత కొలతతోనే వేస్తే ఏమవుతుందో చూశారుగా, రెండున్నర రెట్లు పడుతుంది. లేబుల్ మీద మొదట ఇనుము లవణం పేరు, దాని బరువు ఉంటాయి. దాని కింద ‘ఎలిమెంటల్ ఐరన్’ అని ఒక అంకె ఉంటుంది. మనకు కావలసింది ఆ అంకె. ఇంగ్లిష్ చదవగలిగిన మనవడితో దాని కింద గీత గీయించండి. డాక్టరును కూడా మిల్లీలీటర్లతో పాటు మిల్లీగ్రాములు రాయమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ప్రతి నెలా తూకం వేయించి మోతాదు పెంచాలి. డిశ్చార్జి నాటి మోతాదు ఇప్పటి బరువుకు సరిపోదు. విటమిన్ డి చుక్కలు కూడా రోజూ ఉండాలి. ఇద్దరికీ ఒకసారి హిమోగ్లోబిన్ చూడమని అడగండి. ఆరు నెలలు నిండాక ఆశా ఇచ్చే సిరప్‌కు మారాలా, ఈ చుక్కలే కొనసాగించాలా అన్నది వాళ్ళ రక్తం చూసి డాక్టరు చెబుతారు. రెండూ కలిపి మాత్రం వేయకండి.

ప్రశ్న: మా పాపకు రెండు నెలలు. డాక్టరు రోజూ డి చుక్కలు రాశారు. రాసినది లేదని మెడికల్ షాపులో వేరే సీసా ఇచ్చారు. దాని మీద 60,000 అని ఉంది. ఇంకా మొదలుపెట్టలేదు. అసలు రోజూ నూనె రాసి పొద్దుటెండలో పడుకోబెడుతున్నాం, చుక్కలెందుకు అని మా వాళ్ళంటున్నారు. (రాయగడ)

జవాబు: మొదలుపెట్టకపోవడం చాలా మంచి పని చేశారు. ఆ సీసా వెంటనే తిరిగి ఇచ్చేయండి.

మీ పాపకు కావలసింది రోజుకు 400 యూనిట్లు. పిల్లల సీసాల్లో కొన్నిటిలో 1 మిల్లీలీటరుకు 400 ఉంటాయి, అప్పుడు 1 మిల్లీలీటరు వేయాలి. కొన్నిటిలో 1 మిల్లీలీటరుకు 800 ఉంటాయి, అప్పుడు అర మిల్లీలీటరే. మీకు ఇచ్చినట్టుంది 5 మిల్లీలీటర్లకు 60,000 యూనిట్లున్న రకం. విటమిన్ డి బాగా తగ్గిపోయిన పెద్దవాళ్ళకు వారానికోసారి అలా రాస్తారు. దానిలో 1 మిల్లీలీటరు వేస్తే 12,000 యూనిట్లు, పాపకు కావలసినదానికి ముప్పై రెట్లు! రోజూ అలా కొన్ని వారాలు పడితే రక్తంలో కాల్షియం ఎక్కువై బిడ్డ పాలు మానేస్తుంది, వాంతులవుతాయి, దొడ్డి గట్టిపడుతుంది, మూత్రం అతిగా పోసి ఒళ్ళు ఎండిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. అలా అయిన బిడ్డను నేను చూశాను. వేరే ఊళ్ళో ఒక దుకాణంలో ఇలాగే సీసా మారి, రెండు వారాల పైగా వేశారు. దేవుడి దయవల్ల తేరుకుంది గానీ, ఆ తల్లి పడ్డ క్షోభ అంతా ఇంతా కాదు. రెండు అట్టపెట్టెలూ పక్కపక్కన పెడితే దాదాపు ఒకే సైజు, పేర్లు కూడా దగ్గరదగ్గర. తేడా అంతా పేరు కింద ఉన్న చిన్న అక్షరాల్లోనే. ‘ప్రతి 1 మిల్లీలీటరులో’ అని ఉందా, ‘ప్రతి 5 మిల్లీలీటర్లలో’ అని ఉందా, పక్కన అంకె ఎంత? కౌంటరు దగ్గరే నిలబడి ఈ రెండూ చూశాకే డబ్బులివ్వండి. ఇప్పటికే ఇలాంటి సీసా వేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆపేసి, సీసా చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కాల్షియం టెస్టు చేస్తారు.

ఎండ సంగతి. ఎండ తగిలితే చర్మం విటమిన్ డి తయారుచేసుకుంటుంది, అందులో అబద్ధం లేదు. అయితే పొద్దున్నే ఏడింటి ఏటవాలు ఎండలో అది దాదాపు తయారు కాదు. తయారయ్యేంత ఎండ పదింటి తర్వాతే వస్తుంది, ఆ ఎండకు రెండు నెలల పసిదాన్ని ఒళ్ళంతా తెరిచి పడుకోబెట్టలేం. మన మేని ఛాయకు ఇంకా ఎక్కువసేపు కావాలి. పైగా బాలింతకు గాలి తగలకూడదని తలుపులు మూసిన గదిలో ఉంచే ఇళ్ళు మనవి. తల్లికి డి ఉంటేనే కదా పాలలోకి వచ్చేది, వచ్చినా అది చాలా తక్కువ. అందుకే మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం మొదటి ఏడాదంతా రోజుకు 400 యూనిట్లు వేయమంటోంది. నూనె రాయడం, ఎత్తుకుని బయట తిప్పడం హాయిగా చేయండి. చుక్క కూడా వేయండి.

ప్రశ్న: బాబుకి తొమ్మిదో నెలలో ఇక్కడ టీకాతో పాటు విటమిన్ ఎ వేశారు. తర్వాత పార్వతీపురంలో మా పుట్టింటికి వెళ్తే అక్కడి వాళ్ళు కూడా వేస్తామన్నారు. కార్డు ఇక్కడే మర్చిపోయాను. వేయించుకోవచ్చా? (రాయగడ)

జవాబు: వద్దమ్మా. తొమ్మిది నెలలకు మీజిల్స్–రుబెల్లా టీకాతో పాటు వేసేది లక్ష యూనిట్లు, అంటే 1 మిల్లీలీటరు. తర్వాత 16–18 నెలలకు రెండు లక్షలు, ఆపైన ఐదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షల చొప్పున, మొత్తం తొమ్మిది మోతాదులు. ఇది నెలల తరబడి కాలేయంలో నిలవ ఉంటుంది కాబట్టి దగ్గరదగ్గరగా రెండుసార్లు పడకూడదు. సరిహద్దు దాటి పుట్టింటికీ అత్తింటికీ తిరిగే మన ఆడపిల్లలందరికీ నాదొకటే మాట. రాష్ట్రం మారినా కార్డు మారకూడదు. కార్డు ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. ఐరన్ సిరప్ కూడా రెండు చోట్లా ఇస్తారు. ఒక సీసా నడుస్తుండగా రెండోది తెరవకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుక్కి నాలుగో నెల నుంచే ఐరన్ చుక్కలు వేస్తున్నారు. మా పాపకూ నాలుగు నెలలు, 3 కిలోలతో నెలలు నిండి పుట్టింది, తల్లిపాలే. ఇక్కడి డాక్టరు అక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలి? (జయపురం నుంచి ఒక తండ్రి)

జవాబు: మీ డాక్టరు మాట వినండి. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలకు నాలుగో నెల నుంచి కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున వేయమని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2010లో చెప్పింది. మన దగ్గర నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండాక మొదలుపెట్టడం పద్ధతి. రెండు నెలల తేడా కోసం మీ అన్నయ్యతో వాదించనక్కర్లేదు. మీరు చూసుకోవలసిందల్లా ఆరు నెలలు నిండిన వారమే సిరప్, తిండి రెండూ మొదలుకావడం. అన్నప్రాశనకు ముహూర్తం కుదరలేదని ఎనిమిదో నెల దాకా ఆపకండి.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. నేను కాన్పు తర్వాత పథ్యం అని పాలు, పెరుగు కూడా మానేశాను. బాబుకి ఎనిమిది నెలలు, నా పాలు మాత్రమే తాగుతాడు, ఇంకేం పెట్టినా ఉమ్మేస్తాడు. ఆరో నెలలో కూర్చోబోయేవాడు, నవ్వేవాడు. ఇప్పుడు మెడ కూడా సరిగా నిలపడం లేదు, ఎప్పుడూ మగతగా ఉంటాడు. వేళ్ళ కణుపులు నల్లబడ్డాయి. మల్టీవిటమిన్ సిరప్ వేస్తే సరిపోతుందా? (బరంపురం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందగానే సంపాదకులను అడిగి మీకు ఫోన్ చేయించాను. ఇంకా ఎంతమంది ఇళ్ళలో ఇలా జరుగుతోందో అని ఇక్కడ కూడా రాస్తున్నాను. వచ్చిన ఆట, నవ్వు వెనక్కి పోవడం, మగత, కణుపుల మీద నలుపు, జుట్టు పల్చబడటం, ఒక్కోసారి చేతులు వణకడం, ఇవన్నీ విటమిన్ బి12 తగ్గిన బిడ్డలో కనిపించే గుర్తులు. ఈ విటమిన్ మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగులోనే దొరుకుతుంది, కూరగాయల్లో ఉండదు. తల్లి ఒంట్లో లేకపోతే పాలలో ఉండదు. పాలు మాత్రమే తాగే బిడ్డకు అది అందే దారే లేదు.

ఇది సిరప్ వేసి చూద్దాం అనుకునే జబ్బు కాదు. మీ ఊళ్ళోనే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, పిల్లల విభాగంలో చూపించండి. రక్తపరీక్ష చేసి, బి12 ఇంజెక్షన్లు మొదలుపెడతారు. చాలామంది పిల్లలు కొద్ది రోజుల్లోనే కళ్ళు విప్పి చూడటం, పాలు బాగా తాగడం మొదలుపెడతారు. ఆలస్యం చేసేకొద్దీ మెదడు మీద దెబ్బ మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఫోలిక్ యాసిడ్ ఉన్న టానిక్కులు సొంతంగా వేయకండి. రక్తం కాస్త మెరుగైనట్టు కనిపించి, నరాల జబ్బు లోపల్లోపల ముదురుతుంది. మీకు కూడా పరీక్ష చేసి బి12 ఇవ్వాలి.

పథ్యం పేరుతో బాలింతకు పాలు, పెరుగు, పప్పు, ఆకుకూరలు మాన్పించే పెద్దవాళ్ళకు చేతులు జోడించి చెబుతున్నాను. పచ్చబిడ్డ తల్లికి అన్నం, వెల్లుల్లి కారంతో సరిపెట్టకండి. ఆమె తిన్నదే ఆ బిడ్డకు ఆధారం. శాకాహారం మానమని నేను ఎవరినీ అనను. గర్భం వచ్చిన దగ్గర్నుంచి పాలు, పెరుగు రోజూ తీసుకోండి, బి12 మాత్ర గురించి డాక్టరును అడగండి.

ప్రశ్న: మా ఊళ్ళో మలేరియా ఎక్కువ. పాపకు పది నెలలు. నెల కిందట మలేరియా వచ్చి తగ్గింది. మా ఆయన అక్క కొడుక్కి సికిల్ సెల్ జబ్బు ఉంది. ఇలాంటి పిల్లలకు ఐరన్ వేయకూడదని ఒకరు చెప్పారు. (బిస్సంకటక్)

జవాబు: మంచి ప్రశ్న, మన కొండ ప్రాంతంలో అందరూ అడగవలసిన ప్రశ్న. మలేరియా జ్వరం ఉన్నప్పుడు ఐరన్ ఆపాలి. మందుల కోర్సు పూర్తయి, జ్వరం తగ్గి, బిడ్డ కోలుకున్నాక మళ్ళీ వేయాలి. మలేరియా ఎర్రకణాలను పగలగొడుతుంది కాబట్టి ఈ పిల్లల్లో రక్తం ఇంకా తగ్గుతుంది. దోమతెర లేకుండా పాపను ఒక్క రాత్రి కూడా పడుకోబెట్టకండి. మళ్ళీ జ్వరం వస్తే సిరప్పులతో కాలక్షేపం చేయకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

సికిల్ సెల్ సంగతి వేరు. అది తల్లిదండ్రుల నుంచి వచ్చే, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే రక్తపు జబ్బు. జబ్బు పూర్తిగా ఉన్న బిడ్డకు పరీక్షలో ఇనుము తక్కువని తేలితే తప్ప ఐరన్ ఇవ్వరు. వాళ్ళకు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చి, జబ్బు లేని పిల్లలకు మిగతా పిల్లల్లాగే ఐరన్ ఇవ్వొచ్చు. మీ పాప ఎటు అన్నది పరీక్షతోనే తెలుస్తుంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. ముందు మీ ఆయన, మీరు, పాప ముగ్గురూ చేయించుకోండి. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష అడగండి, తలసీమియా (ఇలాగే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఇంకో రక్తపు జబ్బు) ఉన్నా అందులో బయటపడుతుంది. తలసీమియా మేజర్ ఉండి తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఐరన్ సిరప్ అసలు పడకూడదు. ఫలితం వచ్చేదాకా కొద్ది రోజులు సిరప్ ఆగినా నష్టం లేదు. ఆ భయంతో రెండేళ్ళు ఆగిపోతే నష్టం.

ప్రశ్న: బాబు ఐరన్ సీసా కిటికీలో పెడితే మా మూడేళ్ళ పాప తీసి కొంచెం తాగేసింది. నల్లగా దొడ్డికి వెళ్ళడం తప్ప ఏమీ కాలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి? (కాశీనగర్)

జవాబు: ఈసారి గండం గడిచింది. లెక్క చూడండి. మూడేళ్ళ పాప 12 కిలోలు ఉంటుందనుకుందాం. 1 మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఇనుముండే ఆశా సీసా అయితే, 12 మిల్లీలీటర్లు తాగితే కిలోకి 20 మిల్లీగ్రాములు, అక్కడినుంచి విషం లక్షణాలు మొదలవుతాయి. 36 మిల్లీలీటర్లు తాగితే కిలోకి 60, ప్రాణం మీదికి వస్తుంది. నిండు సీసా 50. మీ ఎర్ర మాత్రలు ఇంకా ప్రమాదం. ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, పైన తీపి పూత, చూడటానికి చాక్లెట్ బిళ్ళలా ఉంటాయి. నాలుగు మింగితే మొదటి గీత దాటినట్టే. తాళం వేసే బీరువాలో, పై అరలో పెట్టండి. కిటికీ, దిండు కింద, దేవుడి గూడు, ఏదీ పిల్లలకు అందని చోటు కాదు.

మళ్ళీ అలా జరిగితే గొంతులో వేలు పెట్టి కక్కించకండి, ఉప్పునీళ్ళు తాగించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ముందు వాంతులు, కడుపునొప్పి, రక్త విరేచనాలు వస్తాయి. కొన్ని గంటల తర్వాత బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తుంది, ఆటలో కూడా పడొచ్చు. ఆ తేరుకోవడాన్ని నమ్మి ఇంటికి తీసుకొచ్చేయకండి. కాలేయం దెబ్బతినేది ఆ తర్వాతే. డాక్టరు పంపేదాకా అక్కడే ఉండండి. వెళ్ళేటప్పుడు సీసా గానీ మాత్రల అట్ట గానీ తప్పకుండా పట్టుకెళ్ళండి. ఎన్ని మిగిలాయో, ఏ టైముకు తాగిందో ఒక కాగితం మీద రాసి డ్యూటీ డాక్టరు చేతికివ్వండి.